నాయిన చెవి, నా కన్ను, త్రీడీ సినిమా

తాండూరులో మా థియేటర్‌కు త్రీడీ వచ్చింది. నాలుగు గోడలకూ కొత్త స్పీకర్లు వచ్చాయి. సీట్లలో నల్లులు మాత్రం పాతవే. "మీరే సినిమాల ఉన్నట్టుంటది" అని ఆటోకు మైకు కట్టి ఊరంతా చెప్పించారు. సీట్లో సరిగ్గా కూర్చోనిస్తే అదే పదివేలని నేననుకున్నాను.

అయినా నాయినను తీసుకెళ్లాను, పందెం కోసం. నాపరాళ్లు కోసే మిషన్ల మధ్యే బతుకంతా గడిపి ఆయన ఎడమ చెవి పోగొట్టుకున్నాడు. వినికిడి మిషన్ పెట్టించుకోమంటే, "నా చెవులు మంచిగనే ఉన్నయ్. మీరే నోట్ల నోట్లనే మాట్లాడుతున్నరు" అంటాడు. సినిమాలో చప్పుడు ఎటు నుంచి వస్తుందో చెప్పగలిగితే ఇక ఆ ఊసెత్తనన్నాను. చెప్పలేకపోతే మర్నాడే వికారాబాద్‌లో చెవుల డాక్టర్ దగ్గరికి. సరేనన్నాడు.

నా సంగతీ గొప్పేం కాదు. చిన్నప్పటి నుంచీ ఎడమ కన్ను మసక. రెండు కళ్లకూ రెండు బొమ్మలు చూపించి లోతు పుట్టించడమే త్రీడీ. రెండు చెవులతో అదే పని చేయిస్తుంది చుట్టూ మోగే సౌండు. ఒంటికన్నుతో నేను, ఒంటిచెవితో ఆయన. ఇద్దరికీ కలిపి ఒక టికెట్టు చాలు. ఆ నల్ల కళ్లద్దాల్లోంచి నాకు కనిపించింది మామూలు బొమ్మే, కాస్త చీకటిగా.

తెర ఖాళీగా ఉండగా ఎడమ నుంచి గుర్రాల చప్పుడు. "ఎటు దిక్కు నాయినా?" "కుడి." వెనక నుంచి ఎవరో ఏడ్చారు. "కుడి." నాలుగు వైపులా కురిసిన వాన కూడా ఆయనకు కుడివైపే కురిసింది.

ఇంటర్వెల్లో నాయిన పోయి మేనేజర్ మీద పడ్డాడు. "ఎడమ దిక్కు స్పీకర్లన్నీ కరాబైనయ్. గిట్లనేనా నడిపేది థియేటరు?" మేనేజర్ మర్యాదగా ఎడమ గోడ దగ్గరికి తీసుకెళ్లి, పాట వేయించి, "జర చెయ్యి పెట్టి చూడుండ్రి పెద్దాయనా" అన్నాడు. నాయిన స్పీకర్ మీద అరచేయి పెట్టాడు. పాటకు అది అదురుతోంది. చాలాసేపు చెయ్యి తీయలేదు. పందెం గెలిచినందుకు నాకు సిగ్గేసింది.

సినిమా మళ్లీ మొదలయ్యాక కొండ విరిగి పెద్ద బండ జనం మీదికి దూసుకొచ్చిందట. హాలంతా కేకలు. నాయిన కేక వేయలేదు. రాళ్లు కోసే చోట అరిస్తే ఎవరికీ వినపడదు. ప్రమాదమొస్తే పక్కవాడి మెడ పట్టి వంచెయ్యడమే అక్కడి పద్ధతి. నా మెడ పట్టి ముందు సీటు కిందికి వంచేశాడు. కళ్లద్దాలు విరిగాయి, ఒళ్లోని మిర్చి బజ్జీలు నేలపాలయ్యాయి.

"ఏంది నాయినా, సినిమా గదా!"

"బండ వస్తుంటె నీకు కనపడదు గదా" అన్నాడు. తిట్టబోయినదాన్ని, వంగి విరిగిన కళ్లద్దాలు వెతుక్కున్నాను.

మర్నాడు వికారాబాద్ బస్సులో నాయిన నా ఎడమ పక్కన కూర్చున్నాడు. ఎప్పుడూ అటే కూర్చుంటాడు. మంచి చెవి నా వైపు ఉండాలనే అలా కూర్చుంటాడని ఇన్నేళ్లూ అనుకున్నాను.

"నాకు కనపడని దిక్కనే అటు కూసుంటవా నాయినా?" అని అడిగాను.

"ఏమో బిడ్డా, ఇనపడలే" అన్నాడు.

మంచి చెవి నా వైపే ఉంది.