బావగారు తిన్నగా వాయించని పాట

పోయిన నెలలో ఒక ఆదివారం ఉదయం మా బావగారు పోయారు. ఆ కబురు నాకు తెలిసిన తీరు కూడా ఆయన తరహాలోనే ఉంది. ఏలూరులో మా చర్చిలో ఆరాధన మొదలుకాబోతోంది. సైడ్ డ్రమ్ము బిగించుకుని కూర్చున్నాను. పక్కన ఆయన కుర్చీ ఖాళీ. పాస్టరు అయ్యగారు గడియారం వంకా నా వంకా మార్చి మార్చి చూస్తున్నారు. బావగారు ఆలస్యమైతే సంజాయిషీ నేనే ఇచ్చుకోవాలని సంఘం అంతా ఏనాడో తీర్మానించేసింది. ఒళ్లు మండి, బయటికొచ్చి ఫోన్ చేశాను. అక్క ఎత్తింది.

"ఎక్కడక్కా ఆయన? ఈ పూటైనా వచ్చేది ఉందా లేదా?" అని అరిచాను.

అక్క మెల్లిగా, "మీ బావగారు పోయార్రా తమ్ముడూ. చొక్కా తొడుక్కున్నారు, సాక్సాఫోన్ పెట్టె తెచ్చుకున్నారు, చెప్పులేసుకుందామని కుర్చీలో కూర్చున్నారు. అంతే" అంది.

నోటిదాకా వచ్చిన తిట్లు నోట్లోనే ఉండిపోయాయి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. వాటిలో కొన్నయినా ఇక్కడ దింపుకోకపోతే నాకు అన్నం సహించేలా లేదు. ఏమీ అనుకోకండి.

ఆయన రైల్వేలో ఫిట్టరు, నేను హైస్కూల్లో లెక్కల మేష్టర్ని. ఉద్యోగాలకి రిటైర్మెంటు వచ్చింది కానీ మా సంఘం బ్యాండుకి రాలేదు. పెళ్లయినా, కోతపండగైనా, సమాధి కార్యక్రమమైనా మేమే వెళ్లాలి. ఆయన సాక్సాఫోన్, ఆయన వెనక నా డ్రమ్ము. అక్కని ఆయనకిచ్చి పెళ్లి చేసిన రోజు నుంచి ఆ పని నా నెత్తిన పడింది. డ్రమ్ము కొట్టడం కష్టమైన పనేమీ కాదు. ఆయన వెనక కొట్టడమే కష్టం. ఎందుకంటే ఆయన పాట మొదలుపెట్టేది అందరిలాగే. రెండో పాదం దాటాక పాటని వదిలేసి ఎటో వెళ్లిపోయేవారు. ఎటు వెళ్లారో, మళ్లీ ఎప్పుడొస్తారో, అసలు వస్తారో రారో దేవుడికే ఎరుక. అప్పటిదాకా నేను అదే తాళం పట్టుకుని, బస్టాండులో సామాన్ల దగ్గర కూర్చోబెట్టిన చుట్టంలా ఎదురుచూడాలి.

దీనంతటికీ కారణం ఖరగ్‌పూర్. కుర్రతనంలో ఆయన అక్కడి రైల్వే వర్క్‌షాపులో పనిచేశారు. ఒక క్రిస్మస్ ముందు, రైల్వే వాళ్ల క్లబ్బులో కలకత్తా నుంచి జాజ్ బ్యాండు వచ్చి వాయిస్తోందిట. ఆగిపోయిన ఫ్యాను బాగుచేయడానికి ఈయన్ని పంపారు. ఫ్యాను బాగైంది. ఈయన బాగుపడలేదు. ఆ కథ ఆయన నోట నేను విన్నన్నిసార్లు ఏ ప్రసంగమూ విని ఉండను. టీ తాగుతూ చెప్పేవారు, బస్సులో చెప్పేవారు, నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటుంటే ఎదురుగా పీట వేసుకుని మరీ చెప్పేవారు.

"అందరికీ తెలిసిన పాటేనండీ మేష్టారూ. ఆ సాక్సాఫోన్ ఆయన ఒకసారి తిన్నగా వాయించాడు. తర్వాత దాన్ని అక్కడే వదిలేసి వెళ్లిపోయాడండీ! హాల్లో ఎవరూ కదల్లేదు. స్క్రూడ్రైవరు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను. వస్తాడా రాడా అని ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నాను. వచ్చాడండీ!"

"రాక చస్తాడా? డబ్బులు తీసుకున్నాడుగా" అనేవాణ్ణి.

"అబ్బే, మీకర్థం కాదులెండి. వచ్చాడు గానీ వెళ్లినవాడిలా రాలేదు."

ఏ పాటండీ అది అంటే పేరు తెలియదు. వాయించినాయన ఎవరండీ అంటే అదీ తెలియదు. పోనీ ఎలా ఉందో కూనిరాగం తీయండి అంటే, తీసిన ప్రతిసారీ వేరేగా ఉండేది. పోయినసారి ఇలా అనలేదే అని నేను పట్టుకుంటే, "అదేనండీ జాజ్ అంటే" అని నవ్వేసేవారు. లెక్కల మేష్టరుతో అనవలసిన మాటేనా అది, మీరే చెప్పండి. జాజ్ గురించి నాకు తెలిసినదంతా ఆయన చెప్పిందే. అంటే నాకేమీ తెలియదని అర్థం.

ఆ ఒక్క పూట విన్నదానికి ఆయన జీవితం ఎటో పోయింది, పోతే పోయింది. మా జీవితాలూ పోయాయి. తాడేపల్లిగూడెంలో ఒక పెళ్లి ఊరేగింపు చూడాలి మీరు. గూడెం సెంటర్లో ఆయనకి ఎక్కడ లేని పూనకం వచ్చింది. అందరికీ తెలిసిన పెళ్లిపాటే, దాన్ని పట్టుకుని మెలితిప్పి, సాగదీసి, ఉన్నట్టుండి తగ్గించి, మళ్లీ లేపారు. ఊరేగింపు కదలదు. వెనక బస్సులు ఆగిపోయాయి. పెళ్లికొడుకు కారులోంచి దిగి వచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డాడు. ఆడపెళ్లివారి పెద్దాయన పాపం చేతులు జోడించి, "ఏవండీ, కాస్త కదలండి బాబూ, వంటలు చల్లారిపోతున్నాయి" అని నన్ను బతిమాలుతున్నాడు. నన్నెందుకండీ బతిమాలడం? వాయించేది నేనా?

చాలా ఏళ్లకి ఆ పెళ్లికొడుకు గూడెం ఉల్లిపాయల మార్కెట్లో ఎదురయ్యాడు. బొజ్జ వచ్చింది, జుట్టు పోయింది. నా చెయ్యి పట్టుకుని, "మీ బావగారు బాగున్నారాండీ? నా పెళ్లిలో ఎవరేం పెట్టారో, ఎవరేం అలిగారో ఒక్కటీ గుర్తులేదండీ. సెంటర్లో ఆయన వాయించింది మాత్రం అలాగే ఉండిపోయింది. ఎప్పుడైనా మనసు బాగోకపోతే అది తల్చుకుంటానండీ" అన్నాడు. ఎలా వాయించారో పాడబోయి, రాగం అందక, చేత్తో గాల్లో ఏదో గీసి చూపించాడు. ఈ మాట బావగారికి చెప్పాను. చెప్పి ఉండకూడదు. తర్వాతి రెండు పెళ్లిళ్లలో ఇంకా రెచ్చిపోయారు.

ఈ గొడవలో నిజంగా నష్టపోయింది మా అక్క. ఆమె పెళ్లికి ఒక కీర్తన కోరుకుంది. చిన్నప్పుడు మా అమ్మ దగ్గర నేర్చుకున్నది, నెమ్మదైన పాట. పెళ్లికొడుకే సాక్సాఫోన్ వాయిస్తాడని అందరూ ముచ్చటపడ్డారు. అక్క తెల్లచీర కట్టుకుని, పూలగుత్తి పట్టుకుని గుమ్మంలోంచి నడిచి రావాలి, ఆయన వాయించాలి. ఆమె సగం దూరం వచ్చేసరికి ఆయన పాటని వదిలేశారు. ఎక్కడ అడుగు వేయాలో తెలియక అక్క వరసల మధ్య ఆగిపోయింది. నేను డ్రమ్ము దగ్గర చెమటలు కక్కుతున్నాను. ఆయనకి ఇవేమీ పట్టలేదు, కళ్లు మూసుకున్నారు. తిరిగొచ్చాక ఎవరో చప్పట్లు కూడా కొట్టారు, చర్చిలో!

అప్పటినుంచీ అక్క ఆయన్ని అడిగింది ఒక్కటే. నగ అడగలేదు, ఇల్లు అడగలేదు. "ఏవండీ, నా పాట ఒక్కసారి తిన్నగా వాయించండి. మా అమ్మ పాడినట్టు వినాలనుంది" అనేది. "అదెంత పని, రేపు వాయిస్తాను" అనేవారు ఆయన. ఆ రేపుల సంగతి నాకు తెలుసు.

ఒక వర్షాకాలం కైకలూరులో పెళ్లి ముగించుకుని వస్తుంటే, కొల్లేరు మధ్యలో రోడ్డు మీదికి నీళ్లొచ్చి మా బస్సు ఆగిపోయింది. మర్నాడు నాకు స్కూల్లో ఇన్‌స్పెక్షను. చుట్టూ నీళ్లు, గుర్రపుడెక్క, గట్టు మీద కొంగలు. చేపల లారీలు ముందుకీ వెనక్కీ కదల్లేక నిలబడ్డాయి. అక్క కూడా మాతోనే ఉంది. "ఏవండీ, ఇప్పుడేం పనీ లేదు కదా. నా పాట వాయించండి" అంది. ఆయన బుద్ధిగా పెట్టె తెరిచారు. మొదటి పాదం ఎంత చక్కగా వచ్చిందనుకున్నారు! అక్క చీరకొంగు భుజం మీదికి లాక్కుని సర్దుకుని కూర్చుంది. రెండో పాదం కూడా వచ్చింది. అమ్మయ్య అనుకున్నాను. అప్పుడు వెనక లారీ డ్రైవరు విసుగెత్తి హారన్ కొట్టాడు, ఆ రకరకాల మోతల హారన్. బావగారు తలెత్తారు. ఆ హారన్ స్వరం పట్టుకున్నారు. ఇంకేముంది, పోయారు.

డ్రైవరుకి సరదా పుట్టి మళ్లీ కొట్టాడు, ఈయన బదులిచ్చారు. చేపల ట్రేలు సర్దుతున్న వాళ్లు పని ఆపేశారు. లంకగ్రామం ముసలమ్మ ఒకావిడ దగ్గరికొచ్చి, "ఏం పాట బాబూ అది?" అని అడిగింది. "ఇంకా తెలీదండీ మామ్మగారూ, అయ్యాక చెప్తాను" అన్నారు. ఆవిడ అది సబబైన సమాధానమే అన్నట్టు అక్కడే గొంతుక్కూర్చుంది. అక్క మాత్రం మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఆ లారీ డ్రైవరు తర్వాతెప్పుడు మా వీధి చివర్నుంచి వెళ్లినా ఆ హారన్ కొట్టేవాడు. ఈయన అన్నం ముందునుంచి లేచి, సాక్సాఫోన్ తీసి బదులు వాయించేవారు. కూర చల్లారిపోయేది. అక్క మళ్లీ వేడిచేసేది.

ఒకసారి నేను ఉండబట్టలేక అడిగేశాను. "ఆవిడ అడిగింది అంత పెద్ద కోరికాండీ? ఒక్కసారి వాయిస్తే మీ సొమ్మేం పోయింది?" అన్నాను. ఆయన నవ్వలేదు. "వాయిద్దామనే మొదలుపెడతానండీ. నిజంగా. పాటకి ఇల్లుంది కదా, కాసేపు బయట తిరిగొస్తే ఏమవుతుందిలే అనిపిస్తుంది. తాళం మీ దగ్గరుంది. నాకు భయమేముంది?" అన్నారు. పొగిడారో, మోత బరువు నా మీద వేశారో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆయనకి ఆయాసమొచ్చి, డాక్టరు సాక్సాఫోన్ ముట్టుకోవద్దన్నాక కూడా మానలేదు. గట్టిగా ఊదలేక, అక్కడక్కడా స్వరాలు వదిలేసి వాయించేవారు. వదిలేసినవి మేమే లోపల పూరించుకునేవాళ్లం. ఆయన పోయిన ఆ ఆదివారం అక్క పాట తిన్నగా వాయిస్తానని ఆమె చేతిలో చెయ్యేసి మరీ చెప్పారుట. అందుకే పెందలాడే చొక్కా తొడుక్కున్నారు. ఏం మనిషండీ! మాట నిలబెట్టుకోవడానికి ఇన్నేళ్లుంటే, బయల్దేరి బయల్దేరి ఆ పూట పోవాలా?

సమాధి కార్యక్రమానికి మా బ్యాండులో ఎవరూ వాయించే స్థితిలో లేరు. ఆయన తీర్చకపోయినా అక్క కోరిక నేను తీరుద్దామనుకున్నాను. గూడెం నుంచి మంచి బ్యాండుని పిలిపించాను. బట్టలు శుభ్రంగా, వాయిద్యాలు తళతళలాడుతూ వచ్చారు. బ్యాండు మాస్టరుని పక్కకి పిలిచి, "ఏ సంగతులూ వద్దండీ. స్వరాల పుస్తకంలో ఎలా ఉందో అలా, తిన్నగా వాయించండి" అని మరీమరీ చెప్పాను.

చెప్పినట్టే వాయించారు. బండి ముందు వాళ్లు, బండిలో ఆయన ఉన్న శవపెట్టె, బండి వెనక అక్క, ఆమె పక్కన నేను. ఒక్క స్వరం తప్పలేదు. మా అమ్మ పాడినట్టే ఉంది. ఇన్నాళ్లకి దక్కింది అనుకుని అక్క మొహంలోకి చూశాను.

"ఆపమను" అంది.

"ఏంటక్కా?"

"వాళ్లకి ఆ పాట రాదురా. ఆపమను."

"అక్కా, ఇదే నువ్వడిగిన పాట. ఇన్నేళ్లూ నువ్వడిగింది ఇదే కదా!" అన్నాను. అంత దుఃఖంలోనూ నాకు విసుగొచ్చింది, దాచుకోలేదు.

"ఇది కాదు. ఇది ఆయన పాట కాదు" అని అక్క రోడ్డు మధ్యలో ఆగిపోయింది. బండి ఆగింది, జనం ఆగారు. బ్యాండు మాస్టరు గాభరాపడి వచ్చి, "తప్పేమైనా పోయిందాండీ?" అని అడిగాడు. లేదండీ, చాలా బాగా వాయించారండీ అన్నాను. క్లారినెట్ చంకలో పెట్టుకుని ఆయన పక్కకి తప్పుకున్నాడు.

బండి మళ్లీ కదిలింది. చెప్పుల చప్పుడు తప్ప ఏమీ లేదు. కొంచెం దూరం వెళ్లాక అక్క పాడటం మొదలుపెట్టింది. చర్చిలో కూడా పెదవులు మాత్రమే కదిపే మనిషి. గొంతు బొంగురుగా ఉంది. మొదటి పాదం, రెండో పాదం తిన్నగానే పాడింది. అక్కడ మాటలు వదిలేసింది. ఊఁ అంటూ పైకి వెళ్లింది, ఆగింది, ఎక్కడో వంగి పక్కకి తిరిగింది. ఆయన ఎప్పుడూ అలా వాయించలేదు. అది ఎవరూ ఎప్పుడూ వాయించలేదు. ఇన్నాళ్లూ ఒక్కరితో వేగితే చాలదన్నట్టు, ఇప్పుడీవిడ!

నా దగ్గర డ్రమ్ము లేదు. బండి వెనక రేకు మీద అరచేత్తో తాళం వేస్తూ నడిచాను. సమాధుల తోట గేటు దాటాం. తవ్విన మట్టి కనపడుతోంది, అయ్యగారు పుస్తకం తెరిచి నిలబడ్డారు, బండి ఆగిపోయింది. అక్క ఇంకా పాటలోకి తిరిగి రాలేదు. ఆగిన బండి రేకు మీద నా చెయ్యి తాళం వేస్తూనే ఉంది.