కుడిచేతి రాయి

గోదాముల వీధిలో గడియారం అంటే గోడకు వేలాడేది కాదు, ఒక మనిషి. యాభై దాటిన కాటాల మెకానిక్. తెల్లవారుజామున అయిదింటికి లేచేవాడు, అయిదుంబావుకు దేవుడి ముందు నిలబడేవాడు, ఆ తర్వాత గంటసేపు ఒళ్ళు వంచి కసరత్తు చేసేవాడు, ఏడు కొట్టేసరికి దుకాణం తలుపు తీసేవాడు. ఎప్పుడైనా ఆ తలుపు రెండు నిమిషాలు ఆలస్యంగా తెరుచుకుంటే, వీధిలో వాళ్ళు తమ చేతి వాచీలనే అనుమానించేవారు. ఇలాంటి మనిషితో వచ్చే చిక్కే అది. అతను తప్పు చేయడన్న నమ్మకం మొదట వీధికి పట్టుకుంది, తర్వాత అతనికే పట్టుకుంది.

పన్నెండేళ్ళ కిందట అతను మెకానికూ కాదు, గడియారమూ కాదు. బస్తాలు మోసే కూలీ. ఒక మధ్యాహ్నం గోదాములో పైదాకా పేర్చిన బస్తాల వరుస ఒరిగి మీద పడింది. నడుము దగ్గర ఎముక చిట్లింది. పక్కనే పనిచేస్తున్న బక్కోడు ఒక్కో బస్తా లాగి అవతల పారేసి, స్నేహితుణ్ణి బయటికి తీసి, తలుపు చెక్క మీద పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చాడు. బక్కోడు అంటే సన్నటివాడని అనుకునేరు, ద్వారబంధం నిండా పట్టే మనిషి. వెటకారానికి పెట్టిన పేరు. ఆ రోజు తీసినవి పద్నాలుగు బస్తాలని మొదట్లో చెప్పేవాడు. ఏడాదికేడాది ఆ లెక్క పెరిగి ఇరవై రెండు దాకా వచ్చింది.

ఆ తర్వాత పది నెలలు అక్క ఇంట్లో, వంటగది పక్కన ఇరుకు గదిలో, మంచం మీద. భార్య పుట్టింటికి వెళ్ళి మళ్ళీ రాలేదు. బావ మంచివాడే గాని నోరు మంచిది కాదు. "ఇంకెన్నాళ్ళే మీ తమ్ముడికి ఈ సేవలు?" అని గోడ అవతలి నుంచి వినబడేది. ఆ గోడ ఎంత పలచనో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆదివారాలు బక్కోడు వచ్చేవాడు. గిన్నెలో నీళ్ళు పెట్టుకుని, స్నేహితుడి మొహం అరచేతిలో పట్టుకుని గడ్డం గీసేవాడు. గీస్తున్నంతసేపూ పనికిమాలిన కబుర్లు చెప్పి నవ్వించేవాడు.

ఒక సాయంత్రం ఇంట్లో ఎవరూ లేనప్పుడు మంచినీళ్ళ గ్లాసు అందుకోబోయి కిందపడ్డాడు. అక్క వచ్చేదాకా గచ్చు మీద అలాగే పడి ఉన్నాడు. అంతకుముందు దేవుడి ఊసే ఎత్తని మనిషి ఆ గచ్చు మీద దేవుడితో బేరం పెట్టుకున్నాడు. "నన్ను నిలబెట్టు. నిలబెడితే ఒక్క రోజు కూడా వృథా చేయను." మర్నాటి నుంచి కాలు జానెడు ఎత్తడం మొదలుపెట్టాడు. నొప్పికి పళ్ళు కొరుక్కుని, గోడ పట్టుకుని, కుర్చీ పట్టుకుని, చివరికి ఏమీ పట్టుకోకుండా నిలబడ్డాడు. నిలబెట్టింది దేవుడో పట్టుదలో తేల్చడం మన పని కాదు. అతను మాత్రం జన్మలో మాట తప్పలేదు.

బస్తాల పని ఇక కుదరదు. కూర్చుని చేసే పని కోసం తిరుగుతుంటే వీధి చివర కాటాలు బాగుచేసే పెద్దాయన చేరదీశాడు. పిల్లాజెల్లా లేని మనిషి. పని నేర్పాడు, తిట్లూ నేర్పాడు. ఆయన దగ్గర ఇరవై కిలోల ఇనుప తూకపు రాళ్ళు రెండుండేవి. ఊళ్ళో కాటాలన్నీ ఆ రాళ్ళను బట్టే సరిచేసేవాడు. అందుకే వాటిని గుడ్డలో చుట్టి, పెట్టెల్లో పెట్టి, పసిపిల్లల్ని చూసినట్టు చూసుకునేవాడు.

"నెలకోసారి ఈ రెండిట్నీ త్రాసులో ఎదురెదురు పెట్టి చూసుకోరా. దీనికి అది సాక్షి, దానికి ఇది సాక్షి. నిన్ను నువ్వు నమ్ముకోకు" అనేవాడు.

పెద్దాయన పోతూ పోతూ దుకాణం, ఆ రెండు రాళ్ళు అతని చేతిలో పెట్టాడు. దుకాణం వెనక గదిలోకి మకాం మార్చి, తలుపు మీద సొంత బోర్డు పెట్టిన రోజు గడియారం దాని కింద నిలబడి ఏడ్చేశాడు. బక్కోడు నిచ్చెన మీది నుంచి దిగుతూ, "ఏడుపు ఆపరా, వంకరగా కొట్టాననుకుంటారు" అన్నాడు.

తప్పు ఎక్కడ మొదలైందంటే, కసరత్తు దగ్గర. కొంచెం కొంచెంగా బరువులెత్తమని డాక్టరు చెప్పాడు. ఇంటి నిండా బరువులున్నవాడు బయట కొంటాడా? ముందు చిన్న రాళ్ళు ఎత్తాడు. ఏళ్ళు గడిచేకొద్దీ నడుము గట్టిపడింది, ధీమా అంతకంటే గట్టిపడింది. చివరికి పెద్దాయన రాళ్ళకే గుడ్డ చుట్టి, చేతికొకటి చొప్పున ఎత్తడం మొదలుపెట్టాడు. ప్రార్థన, కసరత్తు, పని మూడూ ఒకటే అనేవాడు. నెలనెలా త్రాసులో పెట్టి చూడడం ఎప్పుడో మానేశాడు. "రోజూ రెండు చేతుల్తో ఎత్తుతున్నాను, నాకు తెలీదా?" అన్నది అతని వాదన.

పైగా ఎదుటివాళ్ళకు మందు రాసివ్వడం అలవాటైంది. ఎవరే కష్టం చెప్పుకున్నా ఒకటే మందు, అయిదింటికి లేవమని. పక్కింటావిడ భర్త పోతే పలకరించడానికి వెళ్ళి, "పెందరాళే లేవండమ్మా, మనసు కుదుటపడుతుంది" అని చెప్పి వచ్చిన ఘనుడు.

ఒక ముసురు పట్టిన ఉదయం కసరత్తు మధ్యలో నడుము పట్టేసింది. కుడిచేతిలోని రాయి జారి ధబ్బున కిందపడింది. నేల మీది పలక ముక్కలైంది. పాదం మీద పడనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకుని, రాయిని అలాగే పెట్టెలో పెట్టేశాడు. అలాంటి రాళ్ళకు అడుగున చిన్న గుంట ఉంటుంది. పోతపోసినప్పుడు తక్కువైన బరువును అందులో సీసం నింపి సరిచేసి, ఆ సీసం మీద తూకాల ఆఫీసు వాళ్ళు ముద్ర కొడతారు. ఆ సీసం బిళ్ళ ఊడి పలక ముక్కల్లో కలిసిపోయింది. రోజూ భోజనం తెచ్చి ఇల్లు చిమ్మి వెళ్ళే అక్క, వాటితోపాటు దాన్నీ ఊడ్చి పారబోసింది.

ఆ వారమే రాగి తుక్కు గోదాములో గేటు దగ్గరి కాటాను ఏడాదికోసారి సరిచేసే వేళ వచ్చింది. సైకిలు వెనక ఒక్క రాయే పడుతుంది. ఎప్పుడూ తలుపు దగ్గరుండే కుడిచేతి రాయినే తీసుకెళ్ళేవాడు. అదే కట్టుకుని వెళ్ళి, కాటా మీద పెట్టి, ముల్లు ఇరవై దగ్గర నిలిచేలా సరిచేసి వచ్చాడు.

ఆ గోదాముకు స్టోర్ కీపరు బక్కోడే. మోతపని నుంచి ఆ కుర్చీ దాకా రావడానికి వాడికి పదేళ్ళు పట్టింది. నలుమూలల నుంచి చిల్లరగా వచ్చే పాత రాగి ఆ గేటు కాటా మీద తూచి కొంటారు. పోగైన సరుకును లారీకెత్తి ఊరి బయట లారీ కాటాలో తూస్తారు. రెండు నెలలు తిరిగేసరికి కొన్నదానికీ పంపినదానికీ నూరు కిలోల పైచిలుకు తేడా వచ్చింది. తాళాలు బక్కోడి దగ్గరే ఉంటాయి. ఇంకెవరిని అడుగుతారు?

"కాటాలో ఏదో తేడా ఉందండి. గడియారాన్ని పిలిపించండి. వాడు ఏం చెబితే అది వింటాను" అని యజమానితో బక్కోడే అన్నాడు.

గడియారం వచ్చాడు. యజమాని, గుమాస్తాలు, కూలీలు చుట్టూ మూగారు. సైకిలు మీది నుంచి రాయి దించి కాటా మీద పెట్టాడు. ముల్లు ఇరవై దగ్గర అతికించినట్టు నిలబడింది. ఏ రాయితో సరిచేశాడో ఆ రాయితోనే చూస్తే నిలబడక ఏం చేస్తుంది?

"కాటాలో వెంట్రుకవాసి తేడా లేదండి" అన్నాడు.

"ఇంకోసారి చూడరా" అన్నాడు బక్కోడు.

"ఎన్నిసార్లు చూసినా ఇంతే. నా చేతిమీద పదేళ్ళలో ఒక్క కాటా తప్పలేదు."

యజమాని తాళాల గుత్తి కోసం చెయ్యి చాపాడు. గేటు బయట గడియారం స్నేహితుడి భుజం మీద చెయ్యి వేసి, "ఏదో బలహీన క్షణంలో జరిగుంటుంది. ఒప్పేసుకో, దేవుడు క్షమిస్తాడు. రేపట్నుంచి నాతోపాటు అయిదింటికి లే, కొత్త జీవితం మొదలుపెట్టు" అన్నాడు. ఆ మాట అన్నందుకు అతన్ని లాగి ఒకటి కొట్టాలనిపిస్తుంది. బక్కోడు కొట్టలేదు. భుజం మీది చెయ్యి తీసేసి వెళ్ళిపోయాడు.

దొంగ అని ముద్రపడిన మనిషిని తాళాలున్న చోటికి ఎవరు రానిస్తారు? యాభై మూడేళ్ళ వయసులో బక్కోడు మళ్ళీ బస్తాల కింద దూరాడు. వాళ్ళావిడ వీధి కొట్టుకు వస్తే, కొట్టువాడు ముందు పెట్టిన సరుకులు కాస్త వెనక్కి జరిపేవాడు. గడియారం ఎదురైతే ఆవిడ తల పక్కకు తిప్పుకునేది. వెనకటి రోజుల్లో వదినా అని పిలిచి చొరవగా గిన్నెలో కూర అడిగి తిన్న ఇల్లు అది. గడియారానికి బాధగానే ఉండేది. రోజూ ప్రార్థనలో బక్కోడి పేరు చేర్చాడు. దొంగ అని తేలిన స్నేహితుడి కోసం దేవుణ్ణి వేడుకోవడంలో ఒక హాయి ఉంటుంది. ఆ హాయి అతను మూడు నెలలు అనుభవించాడు.

ఆ మూడు నెలల తర్వాత రాళ్ళకు ఏడాది ముద్ర వేయించుకునే గడువు వచ్చింది. ఒక మధ్యాహ్నం కిరసనాయిలు గుడ్డతో వాటిని తుడుస్తూ కుడిచేతి రాయిని తిరగేశాడు. అడుగున గుంట ఖాళీగా ఉంది.

వెలుతురులోకి జరిపి మళ్ళీ చూశాడు. తర్వాత రెండు రాళ్ళనూ పెద్ద త్రాసులో ఎదురెదురు పెట్టాడు. పెద్దాయన చెప్పిన పని ఏళ్ళ తర్వాత చేశాడు. త్రాసు కాడ ఒక పక్కకు ఒరిగింది. చిన్న రాళ్ళు వేస్తూ పోతే ఎనభై గ్రాముల దగ్గర సమమైంది. ఎనభై గ్రాములు. పిడికెడు కూడా లేదు, కానీ ఆ లెక్కన గేటు కాటా ప్రతి టన్నుకూ నాలుగు కిలోలు ఎక్కువ చూపించిందన్నమాట. పగిలిన పలక, ముసురు, ఆ వారం వెళ్ళిన గోదాము అన్నీ వరుసగా గుర్తొచ్చాయి. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

తర్వాత చేసిన పని తల్చుకోవడానికి అతనికే సిగ్గు. లేచి స్టవ్వు వెలిగించి, గరిటెలో సీసం ముక్కలు వేశాడు. గుంట నింపి నున్నగా రుద్దేస్తే ఎవరికీ తెలీదు. పాత ముద్ర అరిగిపోయిందంటే ఆఫీసువాళ్ళు నమ్ముతారు, అతను ఏం చెప్పినా నమ్ముతారు. లేకపోతే లైసెన్సు పోతుంది, దుకాణం పోతుంది. వంటగది పక్క గదిలోకి మళ్ళీ వెళ్ళడం కంటే చావడం నయమనిపించింది. సీసం కరగడం మొదలైంది.

అప్పుడే అక్క క్యారియరు పట్టుకుని వచ్చింది. "అన్నం వేళకి ఏంట్రా ఈ కరిగించడం?"

అబద్ధం చెబుదామని నోరు తెరిచాడు. మొత్తం నిజమే బయటికొచ్చింది. అక్క క్యారియరు విప్పలేదు.

"మీ వదిన, బక్కోడి పెళ్ళాం, నిన్న మా ఇంటికొచ్చింది. ఎక్కడైనా అంట్లు తోమే పనుంటే చెప్పమంది" అని మాత్రం అంది.

అతను స్టవ్వు ఆపేశాడు.

ఆ సాయంత్రమే యజమాని దగ్గరికి వెళ్ళి, బల్ల మీద రాయిని తిరగేసి పెట్టాడు. యజమాని గుంటలో వేలు పెట్టి చూశాడు. "నీ మాట విని బక్కోణ్ణి పంపించేశాను. ఇప్పుడా కుర్చీలో ఇంకో మనిషున్నాడు. వాణ్ణేం చేయమంటావు?" అన్నాడు. మర్నాడు తూకాల ఆఫీసులో అతనే కాగితం రాసిచ్చాడు. రాళ్ళు రెండూ తీసుకుని, లైసెన్సు ఆరు నెలలు ఆపేశారు. ఆ రాయితో సరిచేసిన ప్రతి కొట్టుకూ నడిచి వెళ్ళి తప్పు చెప్పాడు. ఒకరు తిట్టారు, ఒకరు నవ్వారు, ఒకరు కాటాను అతని ఎదురుగానే వేరే మెకానిక్‌కి ఇచ్చారు. ఏడింటికి తలుపు తీసి, ఖాళీ బల్ల ముందు కూర్చుని, మూయవలసిన వేళకు మూసేవాడు.

అన్నిటికంటే ముందు వెళ్ళవలసిన చోటికి చివర్న వెళ్ళాడు. అంత క్రమశిక్షణ గల మనిషి చేయకూడని పని.

మధ్యాహ్నం విరామంలో కూలీలు బస్తాల గోదాము నీడన చతికిలబడి ఉన్నారు. బక్కోడు ఒక మూల గోడకు ఆనుకుని మెడ రుద్దుకుంటున్నాడు. మనిషి చిక్కిపోయాడు. గడియారం ఎదురుగా నిలబడి రాయి సంగతి, సీసం సంగతి, ఆఫీసు సంగతి అన్నీ చెప్పాడు. "నువ్వు తీయలేదురా" అన్నాడు చివరికి.

"నాకు తెలుసు" అన్నాడు బక్కోడు.

"రాయి సంగతి తెలుసా?"

"రాయి సంగతి నాకేం తెలుసు. నేను తీయలేదని తెలుసు."

గడియారం అతని పక్కన కూర్చోబోయి ఆగాడు.

"కాటా తప్పు చెప్పింది, సరే. ఇనుముకేం తెలుస్తుంది. నువ్వు తీశావా అని నన్ను ఒక్కసారి అడగలేదు నువ్వు. అడిగి, నేను లేదంటే నువ్వు నమ్మకపోయినా నాకింత బాధ ఉండేది కాదు" అన్నాడు బక్కోడు. కోపంగా అనలేదు, అలసటగా అన్నాడు.

"ఇప్పుడేం చేయమంటావురా?"

బక్కోడు చుట్టూ ఉన్నవాళ్ళ వైపు చూపించాడు. "వీళ్ళకి చెప్పు. గట్టిగా చెప్పు."

గడియారం వాళ్ళ వైపు తిరిగి చెప్పాడు. మొదట దగ్గరున్నవాళ్ళకే వినబడింది. "ఏంటంటున్నాడు?" అని వెనక ఎవరో అడిగారు. మళ్ళీ మొదటి నుంచి, గోదాము అవతలి గేటు దాకా వినబడేలా చెప్పాడు. తప్పు తనదేనని, బక్కోడు దొంగ కాదని మూడుసార్లు అన్నాడు. కొందరు బక్కోడి వైపు చూశారు.

ఈల వేశారు. కూలీలు ఒళ్ళు విరుచుకుంటూ లేచారు. బస్తా ఎత్తుకోవాలంటే ఇంకో మనిషి సాయం పట్టాలి. బక్కోడు వరుస దగ్గరికి వెళ్ళి వీపు వంచి నిలబడ్డాడు. గడియారం గబగబా వెళ్ళి బస్తా కొసలు పట్టుకున్నాడు.

బక్కోడు తల తిప్పి ఆ చేతుల్ని చూశాడు. తర్వాత నిటారుగా లేచి, రెండడుగులు పక్కకు జరిగి, వెనక వస్తున్న మరో కూలీని సాయం పట్టమని పిలిచాడు.