నేను వాయించని పాట

దెయ్యాలున్నాయని ఎవరైనా అంటే నేను వాదించను కూడా, నవ్వి ఊరుకుంటాను. ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. గాజు పలక మీద కనబడింది రాస్తాను, కనబడనిది రాయను. కాకినాడలో చదువుకునేటప్పుడు హాస్టల్లో అందరూ భయపడే చివరి గదిని, గాలి బాగా వస్తుందని అడిగి మరీ తీసుకున్నాను. ఇప్పటికీ పెద్దగా మారలేదు. కానీ సౌదీలో, ఖమీస్ ముషైత్ ఊళ్లోని మా ఫ్లాట్‌లో జరిగిన దాన్ని ఏమని రాయాలో మాత్రం నాకు తెలియదు.

మాతో పనిచేసిన ఐర్లండ్ నర్సు ఒకావిడ ఓసారి స్టాఫ్ విందులో తమ దేశపు ఇలియన్ పైప్స్ వాయించింది. దీన్ని నోటితో ఊదరు. కుడి మోచేతికి కట్టుకున్న చిన్న కొలిమితిత్తి లాంటి దాన్ని నొక్కుతుంటే, ఎడమ చంకలోని సంచి గాలితో నిండుతుంది. ఆ సంచిని ఒత్తుతూ, తొడ మీద ఆనించిన గొట్టం మీద వేళ్లు ఆడించాలి. లోపల మన సన్నాయికి ఉన్నట్టే రెల్లు పీక ఉంటుంది.

ఆ నాదం చాలాకాలం నన్ను వదల్లేదు. ఆవిడ స్వదేశం వెళ్లాక, ఆవిడ ద్వారానే నాకోసం ఒక కొత్త సెట్టు చేయించుకున్నాను. నేర్చుకునేవాళ్ల సెట్టు అది. తిత్తి, సంచి, స్వరాల గొట్టం, అంతే. వెనకాల ఎడతెగకుండా శ్రుతి పలికే గొట్టాలు అందులో ఉండవు. చెయ్యి కుదిరాక విడిగా కొనుక్కోవాలి.

నా చెయ్యి ఎంతకీ కుదరలేదు. తిత్తి మీద ధ్యాస పెడితే సంచి జారేది, సంచి చూసుకుంటే వేళ్లు తప్పేవి. ఇక్కడి పొడిగాలికి రెల్లు పీక ఎండిపోయి, బాతుల మంద తగువులాడుకుంటున్నట్టు అరిచేది. నేను వీడియోలు పెట్టుకుని కూర్చోగానే మా ఆయన వంటింట్లోకి వెళ్లి ఎగ్జాస్ట్ ఫ్యాను వేసుకునేవారు. వాయించేది సాయంత్రాలే. పగలు ఇద్దరం డ్యూటీలో ఉంటాం, ఇంటికి తాళం.

ఇక అమ్మేద్దామనుకుంటున్న రోజుల్లో మెట్ల దగ్గర రమణమ్మ నన్ను ఆపింది. రాయచోటి వైపు మనిషి. మా పక్క ఫ్లాట్‌లోని సౌదీ కుటుంబంలో పనిచేసేది. ఆ ఇంటి ముసలావిడ తుంటి విరిగి మంచాన పడింది. ఇక్కడి పనివాళ్లు యజమానురాలిని 'మామా' అంటారు, రమణమ్మకు ఆవిడ 'పెద్ద మామా'. పగలూ రాత్రీ మూలుగే. ఆవిడకు నిద్ర లేకపోతే రమణమ్మకూ లేదు. అంతకుముందోసారి నా దగ్గర ఏడ్చింది కూడా, ఎగ్జిట్ వీసా కొట్టించుకుని ఊరికి వెళ్లిపోతానని.

ఆ రోజు మాత్రం ముఖం తేటగా ఉంది.

"అక్కా, నీకు పుణ్యముంటాది. మద్యానం పూట నువ్వు వాయిస్తావే, అది ఇంటానే మా పెద్ద మామా నిద్రపోతాది. నేనూ రోంత కన్ను మూస్తాండా."

"నేను వాయించేది సాయంత్రం కదా రమణమ్మా?"

"సాయంత్రం వచ్చే సప్పుడు యేరేలే అక్కా," అంది మొహమాటంగా.

పై ఇంటివాళ్లనీ కింద ఇంటివాళ్లనీ అడిగాం. ఎవరింట్లోనూ అలాంటి వాయిద్యం లేదు. ఏదో టీవీ శబ్దం అయ్యుంటుందన్నారు మా ఆయన. నేనూ అదే అనుకున్నాను.

తర్వాత నాకు షిఫ్టు మారి, ఓ మధ్యాహ్నం ఇంట్లో ఉన్నాను. సెట్టు ఎదురుగా మంచం మీద పెట్టుకుని కూర్చున్నాను. ఏసీ కూడా కట్టేశాను. ఏ శబ్దమూ లేదు. అంతలో ఫోన్ మోగింది.

"ఈ పొద్దు ఇంగా బాగా వాయిస్తాండావక్కా!"

"నేను వాయించడం లేదు. ఊరికే కూర్చున్నాను."

"మరి ఇదేంది? నువ్వే ఇను," అని ఫోన్ గోడకు ఆనించినట్టుంది.

విన్నాను. నిదానమైన పాట, ఎక్కడా తడబాటు లేదు. నన్ను కదలనివ్వనిది ఆ పాట కాదు, దాని వెనక ఎడతెగకుండా సాగుతున్న శ్రుతి. ఆ గొట్టాలు నా సెట్టులోనే లేవు. ఫోన్ చెవి నుంచి తీస్తే గదిలో నిశ్శబ్దం. మళ్లీ పెట్టుకుంటే పాట. సంచి మీద చెయ్యి వేసి చూశాను. గాలి లేక ముడుచుకుని పడి ఉంది. ఫోన్‌లో ఆ పాటతో పాటు ముసలావిడ సన్నగా గురక పెట్టడం కూడా వినబడింది.

పాట ఆగాక, "నీకు భయం వేయడం లేదా?" అని అడిగాను.

"యాల బయం? బయపెట్టేదే అయితే ఆ యమ్మ అంత సుకంగా నిద్రపోతాదా?"

ఆ మాటతో నా భయం సగం తగ్గింది. సెట్టు అమ్మలేదు. దాన్ని ఇంట్లోంచి పంపేస్తే అవతల ఆ మనిషికి నిద్ర కరువవుతుందేమోననిపించింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం, పరీక్షగా, నాకొచ్చిన నాలుగు ముక్కలూ నేనే వాయించాను. ముసలావిడ ఏమందని తర్వాత అడిగితే రమణమ్మ నవ్వేసి, మాట దాటేసింది.

చలికాలంలో ముసలావిడ పోయింది. మధ్యాహ్నం నిద్రలోనే, బాధ లేకుండా. ఆ తర్వాత ఆ పాట వినలేదంది రమణమ్మ. ఆమెకు ఎగ్జిట్ వచ్చింది. చెప్పి వెళ్దామని వచ్చి, గుమ్మంలో నిలబడి నా చెయ్యి పట్టుకుంది.

"ఆ శుక్రారం ఏమనిందని అడిగితివే, ఇప్పుడు చెప్తా. ఏమనుకోవద్దక్కా. కాసేపు ఇని, 'ఈ పిల్ల ఇంగా నేర్చుకుంటాంది. ఈమెకు నేర్పే ఉస్తాదు యాడికి పోయినాడు?' అనె."

నాకు ఉస్తాదంటూ ఎవరూ లేరు. ఆవిడ ఎవరి గురించి అడిగిందో నేను ఇప్పటికీ చెప్పలేను.