కట్టేసిన కారవాన్

ఇది ఎవరి దగ్గరో విన్నది కాదు. నాకే జరిగింది. నమ్మకపోతే ఇప్పుడే స్వప్నకు ఫోన్ చేసి అడగండి. స్పీకర్‌లో పెట్టండి, నేను మధ్యలో నోరు విప్పను. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఒకే కల కనరు కదా... ఇదిగో, చెబుతుంటేనే చేతుల మీద వెంట్రుకలు లేస్తున్నాయి, చూడండి.

పోయిన చలికాలం. లోవర్ హట్‌లో మా ఇల్లు మీకు తెలిసిందే. మా పడకగదిని ఆనుకుని డ్రైవ్‌వే, అందులో కారవాన్, కారు వెనక తగిలించి లాక్కెళ్లే మా బుల్లి ఇల్లు. ఆ వేసవిలోనే కొన్నాం. పాతదే, కానీ దాని మీద మా ఇద్దరికీ ప్రాణం. చలికాలమంతా వానలో వదిలేస్తే కిటికీల సందుల్లోంచి నీళ్లు దిగి లోపలి చెక్క కుళ్లిపోతుందని అందరూ భయపెట్టారు. సరే, ఒక శనివారం పొద్దున్నే మొదలుపెట్టాను. ట్యాంకులోని నీళ్లన్నీ బయటికి వదిలేశాను. ఫ్రిజ్ తలుపు మూసుకోకుండా గుడ్డ ఇరికించాను. పరుపులు గోడకు ఆనించి నిలబెట్టాను.

పక్కింటి బ్రూస్ కంచె అవతలి నుంచి చూస్తున్నాడు. డెబ్బై ఏళ్ల కివీ, ఈ దేశంలోనే పుట్టి పెరిగినవాడు, సగం జీవితం కారవాన్లలోనే తిరిగిన మనిషి. ప్లాస్టిక్ టార్పాలిన్ వద్దు, గాలి ఆడే కవర్ కొనుక్కో, దానికీ ఊపిరాడాలి అన్నాడు. నేను నవ్వేశాను. మా నాన్నకు సూర్యాపేటలో లారీ ఉండేది. పత్తి లోడు మీద టార్పాలిన్ పరిచి, తాడు బిగించి, ముడి మీద ముడి వేస్తే ఎంత వానకైనా చుక్క దిగేది కాదు. పదేళ్ల వయసులోనే ఆ ముడులు నేర్చుకున్నాను. ఈయనా నాకు చెప్పేది అనుకున్నాను. నా తెలివి మీద నాకు అంత నమ్మకం మరి.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. మధ్యాహ్నం తాడు చాలలేదు. కారవాన్ తలుపు బార్లా తెరిచి ఉంది. అలాగే వదిలేసి షాపుకు వెళ్లాను. దారిలో ఆకలేసి ఏదో తిన్నాను. తిరిగొచ్చేసరికి గంట దాటింది, అప్పుడే వాన మొదలైంది. పరుగున వచ్చి తలుపు మూశాను... తాళం వేశాను... లోపలికి తొంగి చూడలేదు. టార్పాలిన్ కప్పి, అడుగు నుంచి తాళ్లు లాగి, అచ్చం పత్తి లోడును కట్టినట్టే కట్టేశాను.

ఆదివారం రాత్రి సదర్లీ మొదలైంది. ఆ దక్షిణపు గాలి వస్తే మన చెక్క ఇళ్లు ఎలా మూలుగుతాయో మీకు తెలుసు కదా. పన్నెండు దాటినా నాకు నిద్ర లేదు. టార్పాలిన్ ఆగుతుందా లేదా అని అదే ధ్యాస. ఆగింది. ఒక్క అంచు కూడా కొట్టుకోవడం లేదు. మురిసిపోతూ దుప్పటి కప్పుకున్నాను.

టక్... టక్... టక్.

ఆగిపోయింది. ఊపిరి బిగబట్టాను. మళ్లీ మూడు. గోడ అవతల నుంచే. స్వప్న అప్పటికే లేచి కూర్చుంది.

"కారవాన్లో అల్మారా తలుపు ఊగుతుందేమో. పండుకో," అన్నాను.

"గాలి లెక్కపెట్టి కొడుతదా?" అంది.

మళ్లీ మూడు.

"కట్టేముందు నువ్వు లోపల చూసినవా?"

నేను దుప్పటి పక్కకు తోశాను.

"నిన్నే అడుగుతున్న. చూసినవా, లేదా?"

అప్పుడు... గుర్తొచ్చింది. తలుపు గంటసేపు తెరిచే ఉంది. స్టేషన్ దగ్గర బెంచీల మీద పడుకునేవాళ్లు ఉంటారు. వాన మొదలవుతుంటే ఎవరైనా దూరి, ఆ పరుపుల వెనక నిద్రపోయి ఉంటే? శనివారం మధ్యాహ్నం నుంచి ఆదివారం అర్ధరాత్రి దాకా. నీళ్లు లేవు. గాలి లేదు. పైన నా ముడులు. దెయ్యమైతే బాగుండు అనుకున్నాను, నిజంగా.

కూరగాయల కత్తి పట్టుకుని బయటికి పరిగెత్తాను. స్వప్న టార్చి పట్టుకుని వెనకే వచ్చింది. వాన అడ్డంగా కొడుతోంది. టార్పాలిన్ మీద అరచేత్తో చరిచాను. రెండు సార్లు.

లోపలి నుంచి... టక్... టక్.

మూడు కాదు. రెండు.

"జల్ది కొయ్యి," అంది స్వప్న. ఆమె గొంతు నాకు తెలిసిన గొంతులా లేదు. తడికి ముడులు ఉబ్బిపోయాయి. మా నాన్న ముడులు, ఊడితే కదా. ఒక్కో తాడూ కోస్తున్నాను. లోపల చప్పుడు నెమ్మదిస్తోంది... టక్... చాలాసేపటికి ఇంకొకటి... ఆఖరి తాడు తెగేసరికి పూర్తిగా ఆగిపోయింది. టార్పాలిన్ ఎగిరి బ్రూస్ కంచె మీద పడింది. తాళం చెవి రెండుసార్లు జారింది. ఏడుపు వచ్చేసింది నాకు, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

తలుపు తీశాను.

ముందు వేడి తగిలింది. అన్నం గిన్నె మూత తీసినట్టు, ముఖం మీదికి ఆవిరి. అంత చలిలో, హీటర్ లేని కారవాన్లో... వేడి. తర్వాత నేను పక్కకు జరిగాను. ఎందుకో తెలియదు. బస్సులోంచి దిగేవాళ్లకు దారి ఇస్తాం చూడండి, అలా. నా చెయ్యి తలుపు చట్రం మీదే ఉంది. కారవాన్... మెల్లగా... మా వైపు వంగింది. మెట్టు మీద మనిషి అడుగు పెడితే వంగినట్టు. ఒక్క క్షణం అలాగే ఉంది. తర్వాత పైకి లేచింది.

"పక్కకెందుకు జరిగినవ్?" అంది స్వప్న.

టార్చి లోపలికి కొట్టాం. ఎవరూ లేరు. పరుపుల వెనక, బెంచీల కింద, బాత్రూములో... ఎవరూ లేరు. అల్మారాలన్నీ గొళ్లెం పెట్టే ఉన్నాయి. గోడల నిండా నీటి చుక్కలు కారుతున్నాయి, అంతే.

అప్పుడు మా గేటు దగ్గర సెన్సర్ లైటు వెలిగింది. మనిషి కదిలితే వెలిగేది. కాసేపాగి బ్రూస్ ఇంటిది. తర్వాత ఆ పక్కింటిది. నడిచే మనిషికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగి, ఒక్కొక్కటీ... వీధి చివరి దాకా.

"గాలికి వెలిగి ఉంటాయిలే," అన్నాను.

"ఇందాకటి నుంచి ఉన్న గాలే కదా ఇది, అప్పుడెందుకు వెలగలే?" అంది. ఇద్దరం తలుపు వేసుకుని, తెల్లారేదాకా లైట్లన్నీ వెలిగించుకుని కూర్చున్నాం.

ఇప్పుడు గాలి ఆడే కవర్ కొన్నాం. కప్పే ముందు ప్రతిసారీ లోపల మూలమూలా చూస్తాను. ఎవరైనా ఉన్నారా అని పిలుస్తాను, తెలుగులోనూ, ఇంగ్లిషులోనూ. నవ్వుకోండి, ఫరవాలేదు.

కానీ నన్ను నిద్రపోనివ్వనిది అది కాదు. మర్నాడు పొద్దున బ్రూస్ టార్పాలిన్ మడతపెట్టి తెచ్చి ఇచ్చాడు. శనివారం అంత రాత్రిదాకా లోపల ఏం పని చేస్తున్నావయ్యా అని అడిగాడు. సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు చాలాసేపు వినిపించిందట.

శనివారం రాత్రి మేం ఇంట్లో లేం. ఇక్కడే ఉన్నాం, మీ ఇంట్లో, ఇదే సోఫాలో. తెల్లారేదాకా పేకాట ఆడాం. అది మనిషో, కాదో నాకు ఇప్పటికీ తెలియదు. మనం నవ్వుకుంటున్న ఆ రాత్రంతా మాత్రం, అది తడుతూనే ఉంది.