శుక్రవారపు ఇరవై డాలర్లు

బెర్నిస్ యాంకోస్కీ టిప్పు దాచదు. పెన్సిల్వేనియా బొగ్గు కొండల్లోని ఆ డైనర్లో ఇరవై ఆరేళ్ళుగా కాఫీలు పోస్తోంది. కప్పు కింద పాతిక సెంట్లు దొరికినా ఏప్రన్ జేబులోని చిన్న పుస్తకంలో రాసి, నెల తిరిగేసరికి పన్ను కోసం యజమానికి లెక్క చెప్పేది. మిగతావాళ్ళు సగం లెక్కలో చూపకుండా మింగేవాళ్ళు. "నీ నిజాయితీకి ప్రభుత్వం చౌరస్తాలో విగ్రహం పెడుతుందిలే" అని ఏడిపించేవాళ్ళు. అబద్ధం రాస్తే నాకు చెయ్యి వణుకుతుందనేది ఆవిడ.

ఆ పుస్తకంలో రాసిన మొట్టమొదటి టిప్పు, తర్వాత ఆవిడ మొగుడైన స్టాష్ పెట్టినదే. గనిలోంచి వచ్చి, కాఫీ తాగి, కప్పు బోర్లించి, దాని కింద పాతిక బిళ్ళ పెట్టి పోయేవాడు. పెళ్ళయ్యాక, సొంత పెళ్ళాం పోసిన కాఫీకి కూడా అది మానలేదు. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి క్రిస్మస్‌కి ముందు కన్నుమూశాడు. సమాధి మీద రాయి లేదు. అంత్యక్రియల వాళ్ళు పేరు రాసి గుచ్చిన రేకుముక్క కూడా మంచుకి వంగిపోయింది. మొగుడు పేరు లేకుండా పడుకున్నాడన్న బాధతో ఆవిడకి తిండి సయించేది కాదు.

జనవరిలో డైనరుని తాకిస్ అనే గ్రీకువాడు కొన్నాడు. పైఊరి మనిషి. అందరిచేతా పన్ను ఫారాలు కొత్తగా నింపించాడు. జీతంలోంచి పన్ను కింద వారానికి అదనంగా ఎంత పట్టుకోమంటారు అనే గడిలో బెర్నిస్ ఇరవై అని రాసింది. డబ్బు చేతికొస్తే ఖర్చైపోతుంది. ప్రభుత్వం దగ్గరుంటే ఏడాది తిరిగాక రిఫండుగా వస్తుంది, దాంతో రాయి వేయించాలి.

మరిచిపోయిందేమిటంటే, టిప్పుల మీద బతికే మనిషికి జీతమనేది పేరుకే. గంటకి మూడు డాలర్లు కూడా ఉండదు. ఆవిడ నిజాయితీగా రాసిన టిప్పుల మీద పన్నంతా ఆ జీతంలోంచే పోవాలి. పోయాక మిగిలేది సున్నా. వారం వారం ఆ సున్నా చీటీ కవర్లో పెట్టి ఇస్తే, అక్కడి ఆడవాళ్ళందరిలాగే విప్పకుండా బిస్కెట్ల డబ్బాలో పడేసింది.

మరుసటి ఫిబ్రవరిలో ఆ డబ్బా చర్చి హాలుకి పట్టుకెళ్ళింది. అక్కడ పన్ను కాగితాలు రాసిపెట్టే లొరేన్ ఆవిడతో కలిసి చదువుకున్న మనిషే.

"ఏమే, నీకు బుద్ధుందా? జీతమే సున్నా అయితే అదనం ఎక్కణ్ణుంచి పట్టుకుంటాడే?" అంది లొరేన్, నాలుగు కవర్లు విప్పి.

బెర్నిస్ విప్పిన కవర్లని మళ్ళీ మడతపెట్టింది. రాయి లేదు, ఇక లేనట్టే.

లొరేన్ ఏడాది మొత్తం లెక్క ఉన్న కాగితం తీసి, కళ్ళజోడు సర్దుకుంది. "ఆగాగు. పట్టుకున్నాడే. యాభై రెండు వారాలు, వారానికి ఇరవై. వెయ్యి నలభై వెనక్కొస్తాయి. నువ్వు రొక్కంగా కట్టినట్టున్నావు."

"నేను కట్టలేదు."

తిన్నగా తాకిస్ దగ్గరికి వెళ్ళి అడిగింది.

"మీరే కదమ్మా ఇచ్చింది?" అన్నాడతను. "జీతం చాలకపోతే తక్కువైంది చేత్తో కట్టొచ్చని మొదటివారమే చెబుదామనుకున్నా. ఈలోగా గల్లాపెట్టె పక్కన మీ పేరున్న కవరు కనబడింది. ఆ తర్వాత ప్రతి శుక్రవారం, సాయంత్రం అయిదింటికి."

"శుక్రవారం నాకు సెలవు, తాకిస్."

అతని మొహంలో రంగు మారింది. "నోటు ఎప్పుడూ తడిగా ఉండేదమ్మా. ఐసులా చల్లగా. పొయ్యి దగ్గర ఆరబెట్టేవాణ్ణి. వెనక తలుపు బయట ఎవరో దగ్గేవాళ్ళు. పొట్టిగా రెండు, పొడుగ్గా ఒకటి. వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరు. గడప మీద నల్లనీళ్ళు, అంతే."

బెర్నిస్‌కి ఆ పొట్టి రెండూ, పొడుగు ఒకటీ తెలుసు. ఆ దగ్గు పక్కన ఏళ్ళ తరబడి పడుకుందావిడ. తాకిస్ స్టాష్‌ని ఎన్నడూ చూసి ఎరగడు.

ఏప్రిల్లో రిఫండు వచ్చింది. రాయి వేయించింది. చెక్కిన పేరు మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం చదువుకుంది. ఆ శుక్రవారం కూడా కవరు వచ్చింది.

"సున్నా రాసెయ్యండమ్మా, దణ్ణం పెడతా" అంటూ తాకిస్ కొత్త ఫారం ముందు పెట్టాడు. "శుక్రవారం వస్తోందంటే వెనక తలుపు వైపు వెళ్ళలేకపోతున్నా."

సున్నా రాయడమే న్యాయం. సమాధుల తోట నాలుగు మైళ్ళ దూరం. ఊపిరాడక పోయిన మనిషి, ఆవిడ రాసిన ఒక్క అంకె కోసం దగ్గుకుంటూ నడిచొస్తున్నాడు. పాపం అనిపించింది. కానీ సున్నా చుట్టేస్తే ఇక రాడు. కలం కాసేపు గాల్లోనే ఉంది. చివరికి ఒకటి అని రాసింది. ఒక్క డాలరు, ఏమంత బరువు కాదులే అనుకుంది. సిగ్గు కూడా వేసింది.

మరుసటి శుక్రవారం సెలవైనా డైనరుకి వెళ్ళింది. కిటికీ పక్క బల్ల మీద కాఫీ పోసి పెట్టి, వంటింట్లో గోడవైపు తిరిగి నిలబడింది. అయిదైంది. దగ్గు వినబడింది, ఈసారి తలుపు లోపల. అయినా వెనక్కి తిరగలేదు, చూస్తే పోతాడేమోనని.

దగ్గు ఆగాక వెళ్ళింది. గల్లాపెట్టె పక్కన కవర్లో నాలుగు పాతిక బిళ్ళలు, తడి తడిగా. కిటికీ పక్క కాఫీ కప్పు ఖాళీ అయి, బోర్లించి ఉంది. ఎత్తితే కింద అయిదోది.

బెర్నిస్ సంచిలోంచి పుస్తకం తీసి, చెయ్యి వణక్కుండా రాసింది: టిప్పు, పాతిక సెంట్లు.