గోదాములో ఆగిన చందమామ

ఆయన ఉన్నన్నాళ్ళూ రేవు గోదాములో పెట్టె కిందపడ్డ చప్పుడు వినబడలేదు. అందరూ బాబాయి అని పిలిచే ఆ కాపలాదారు, కూలీలు ఏది మోసినా రెండు అరచేతులూ కిందికి చాపి, "మెల్లగా నాయనా, మెల్లగా" అంటూ వెంట నడిచేవాడు. మన ప్రభుత్వానికీ ఒక పరాయి దేశానికీ చెడి, ఆ దేశపు సరుకంతటి మీదా దండన సుంకం పడ్డాక, అక్కడినుంచి ఒక బడి తెప్పించుకున్న టెలిస్కోపు పెట్టె వేసిన సీలు వేసినట్టే ఆగిపోయింది. సుంకం దాని ధరనే మించింది మరి. చెమ్మ తగిలితే అద్దానికి బూజు పడుతుందని ఆ బడి టీచరమ్మ దిగులుగా చెప్పి వెళ్ళింది. అది మొదలు వాన పట్టినప్పుడల్లా బాబాయి ఆ పెట్టెను తడిగోడకు దూరంగా జరిపి, చుట్టూ చెమ్మ పీల్చుకునే కొత్త సున్నపురాళ్ళు పేర్చేవాడు. "పిన్నినైనా ఇంత అపురూపంగా చూసుకున్నావా బాబాయ్?" అని కూలీలు ఏడిపించేవారు. "మీ పిన్ని సీలు వేసుకుని రాలేదురా, నోరేసుకుని వచ్చింది" అనేవాడు.

చివరికి ఆ దేశపు సరుకుకూ అందరితో పాటు మామూలు సుంకమే అని ఉత్తర్వు వచ్చింది. బడివాళ్ళు పెట్టె విడిపించుకుని, బాబాయినీ వెంట తీసుకెళ్ళారు. బడి మేడమీద మూత తీస్తుంటే ఆయన చూడలేక గోడవైపు తిరిగి నిలబడ్డాడు. "ఇటు రండి బాబాయ్‌గారూ, ఒక్క మచ్చయినా లేదు!" అంది టీచరమ్మ. సాయంత్రం చందమామ పైకి రాగానే మొదట ఆయన్నే చూడమంది. గుంటలతో, గట్లతో, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా ఉంది. చూస్తుండగానే చందమామ అద్దంలో ఒక అంచుకు జారిపోసాగింది. ఆయన కన్ను తీయకుండానే రెండు అరచేతులూ దాని కిందికి చాపాడు.

"మెల్లగా నాయనా, మెల్లగా."