ఓయాంగ్ మాస్టారి ముందుచూపు

ఆకాశంలో మబ్బుతునక లేని రోజున కూడా ఓయాంగ్ మాస్టారి చంకలో గొడుగు ఉండేది. వానలకు ముందే ఇంటి పెంకులు సర్దించేవాడు, చలికి ముందే బొగ్గులు తెప్పించేవాడు. మంచి మనిషి రేపటి పనిని ఇవాళే తలచుకుంటాడని బడిలో చెప్పిన పాఠాన్ని ఉద్యోగం విరమించాక కూడా ఆయన వదల్లేదు. తన శవపేటికను సైతం ముందే చేయించి నడవలో పెట్టుకున్నాడు. ఏటా కోతలయ్యాక దానికి మరో పూత నల్ల లక్క వేసి, అతుకులను బొటనవేలితో నిమిరి చూసుకునేవాడు.

"ఇంత నునుపైతే యముడే జారిపడతాడు తాతా!" అని పొరుగింటి సూచిన్ ఏడిపించేది.

ఆ వేసవిలో నది కట్ట తెగింది. సూచిన్ తన ఇద్దరు పిల్లలతో ఆయన ఇంట్లోకి పరుగెత్తుకొచ్చేసరికి నీళ్లు నడుం దాకా ఉన్నాయి. మాస్టారు పేటిక మూత తోసేసి, "పిల్లల్ని ఇందులో కూర్చోబెట్టు" అన్నాడు. ఆమె కొయ్యబారిపోయింది.

"బతికున్న పిల్లల్ని చావుపెట్టెలోనా! మీకు మతి గానీ పోయిందా?"

"చుక్క నీరు దిగదమ్మా. ఎక్కించు!"

ఇద్దరూ చెరోవైపు పట్టుకుని దాన్ని గుట్ట దాకా తోసుకెళ్లారు. శవపేటికలోంచి పిల్లలు లేచి నిలబడేసరికి గుట్ట మీది జనం కెవ్వుమన్నారు. తేరుకున్నాక మాస్టారి ముందుచూపును పొగడబోయారు. ఆయన మాత్రం పాలిపోయిన ముఖంతో, కింద ఒక్కొక్కటే మునుగుతున్న ఇళ్లను చూస్తూ నిలబడ్డాడు.

"ఇన్నేళ్లూ నా ఒక్కడి చావుకే ఏర్పాట్లు చేసుకున్నాను సూచిన్," అన్నాడు. "కట్ట పక్కనే ఉంటూ, ఊరికో పడవ ఉండాలని ఈ బుర్రకు తట్టనే లేదు."